కాటా మామయ్య ఓడ దిగిన రోజు

మా పెద్ద మామయ్యను వీధిలో అందరూ కాటా అనే పిలుస్తారు. ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని తూకం యంత్రాలు బాగుచెయ్యడం. కొట్టు బల్ల మీద ఉండే చిన్న కాటా దగ్గర్నుంచి లారీని ఎక్కించి తూచే పెద్ద కాటా దాకా, ఏది తప్పు చూపించినా ఆయనకే కబురు వస్తుంది. పరీక్ష చేసే చిన్న తూకపు రాళ్లను ఆయన చేత్తో ముట్టుకోడు, పట్టకారుతో తీస్తాడు. వేలికి అంటిన జిడ్డుకి కూడా బరువుంటుందట.

మా పాపకు అయిదో నెలలో బరువు సరిగ్గా పెరగడం లేదని డాక్టరు ఒకసారి అంది. తర్వాత అంతా సర్దుకుంది కానీ నా భయం మాత్రం సర్దుకోలేదు. ఆస్పత్రి కాటాను నేను నమ్మను. ప్రతి శనివారం సాయంత్రం పాపను ఎత్తుకుని మామయ్య షాపుకి పోయేదాన్ని. ఆయన కాటా మీద మెత్తటి గుడ్డ పరిచి, ఆ గుడ్డ బరువు తీసేసి, పాప కాళ్లాడించడం ఆపేదాకా ఓపిగ్గా చూసి అప్పుడు అంకె చెప్పేవాడు.

"ఎంత పెరిగింది మామయ్యా?"

"నూట ఇరవై గ్రాములు. అందులో నీ భయం తీసేస్తే నూట పది."

తూకం అయ్యాక షాపు వెనక ఉన్న ఇంట్లోకి వెళ్లేవాళ్లం. ఆరు కొట్టగానే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకునేవాడు. ఇక ఏడున్నర దాకా ఇంట్లో ఉన్నా లేనట్టే.

"ఇంట్లో బల్బు పోయిందంటే పలకడు. సముద్రంలో గాలి ఎటు వీస్తోందో మాత్రం టక్కున చెప్తాడు" అనేది అత్తయ్య. "ఏమండీ, ఓడ ఒడ్డుకి చేరాక అయినా తలుపు గొళ్లెం బిగించండి."

అది ఓడల ఆట. నలుగురు మనుషులు తలా ఒక చోట, ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుని, కలిసి ఒకే ఓడను నడపాలి. ఒకరు చుక్కాని, ఒకరు తెరచాపలు, ఒకరు ఫిరంగి, నాలుగో మనిషి కొయ్యస్తంభం పైకెక్కి చుట్టూ చూస్తూ దూరాలు చెప్పాలి. మామయ్యది ఆ నాలుగో పని. "మూడు వందల ఇరవై గజాలు... మూడు వందలు... ఇప్పుడు" అనేవాడు. ఆయన ఇప్పుడు అన్నాక పేల్చిన గుండు తప్పడం నేను చాలా అరుదుగా చూశాను.

చుక్కాని పట్టేది చిన్న మామయ్య. అంటే ఆయన సొంత తమ్ముడు.

వాళ్లిద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. అంతకుముందు షాపు ఇద్దరిదీ. ఒకసారి ఒక పాత ఇనుము వ్యాపారి దగ్గర ఉన్న కాటా యాభై కిలోలకు నలభై ఎనిమిదే చూపిస్తోందని గొడవైంది. వారం కిందటే దాన్ని సరిచేసి సీలు వేసి వచ్చింది చిన్న మామయ్య. తీగకు సీసం బిళ్ల తగిలించి, షాపు నంబరున్న పటకారుతో నొక్కుతారు. అదే సీలు. ఆ సీలు చెక్కు చెదరకుండా ఉంది. అంటే తప్పు తూకానికే సీలు వేశాడన్నమాట. "నేను చెయ్యలేదన్నయ్యా, నేను వేసినప్పుడు సరిగ్గానే ఉంది" అని తమ్ముడు చెప్తూనే ఉన్నాడు. మామయ్య వినలేదు. షాపు నిండా జనం ఉండగా "మోసగాడు నా గడప తొక్కక్కర్లేదు" అన్నాడు. చిన్న మామయ్య తన సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత అదే వ్యాపారి ఇంకో కాటాతో పట్టుబడ్డాడు. అతని సొరుగులో దొంగ పటకారు ఒకటి దొరికింది. దాని మీద ఉన్నది మా షాపు నంబరే. ఆ సంగతి మామయ్య అత్తయ్యకు చెప్పాడు, నాకు చెప్పాడు. చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.

"ఒక్క ఫోన్ చెయ్యి మామయ్యా, అయిపోతుంది" అని ఎన్నిసార్లు అన్నానో.

"చేసి ఏమని మొదలుపెట్టనే? భోంచేశావా అనా?"

చిన్న మామయ్య ఇప్పుడు ఊరికి అవతల ఒక మందుల గోదాములో సూపర్‌వైజరు. సాయంత్రాలు ఆ ఓడల ఆట ఆడతాడని ఆయన కొడుకు నాతో అన్నాడు. నేను ఊరికే ఆ మాట మామయ్య దగ్గర అన్నాను. వారం తర్వాత ఆయన, ఎటో చూస్తూ, "ఆ ఓడలదేదో మన డబ్బాలో నడుస్తుందా?" అని అడిగాడు.

ఆయన డబ్బా మా కాలేజీ ప్రయోగశాలవాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటర్. కొత్త విండోస్ దాని మీద ఎక్కదు. నేనే విండోస్ బదులు అందులో లినక్స్ పెట్టిచ్చాను. ఊరికే వస్తుంది, పాత యంత్రం కూడా దాంతో చురుగ్గా నడుస్తుంది. ఆట విండోస్ కోసం చేసిందే అయినా, లినక్స్‌లో దుబాసీ లాంటి ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఆట అడిగే ప్రతిదాన్నీ అది లినక్స్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చి చెప్తుంది. ఆట చక్కగా నడిచింది. కాటా అనే పేరుతోనే ఆయన తమ్ముడి ఓడలో చోటు అడిగాడు.

మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చిన్న మామయ్య గొంతు వినిపించింది. "కాటా, పైకెక్కు. దూరాలు నువ్వు చెప్పు."

అంతే. రెండేళ్లు అలాగే గడిచాయి. గాలి, తెరచాప, గజాలు తప్ప ఇంకో మాట లేదు. ఒకసారి మాత్రం "ఏంటి, దగ్గుతున్నావు?" అని చిన్న మామయ్య అడిగాడట, "చలికి" అని ఈయన అన్నాడట. ఆ రెండు ముక్కలూ మామయ్య నాకు మూడుసార్లు చెప్పాడు.

"ఈ ఏడాది పోటీలు అయిపోగానే చెప్పేస్తానే" అన్నాడు ఒక శనివారం. "ఆఖరి పందెం అయ్యాక మిగతా ఇద్దరూ వెళ్లిపోతారు. మేమిద్దరమే ఉంటాం. అక్కడైతే మొదలుపెట్టక్కర్లేదు, మాట ఎలాగూ నడుస్తూనే ఉంటుంది."

ఆఖరి పందేనికి పదిహేను రోజులుందనగా ఆట తెరుచుకోలేదు. కంపెనీ వాళ్లు కొత్త కాపలా ప్రోగ్రాం పెట్టారు, దొంగదారుల్లో గెలిచేవాళ్లను పట్టుకోడానికి. ఆ కాపలా లినక్స్ మీద కూడా పనిచేయగలదు. దాన్ని తయారుచేసినవాళ్లే ఆ మాట చెప్పారు. ఆట కంపెనీ సరేనంటే చాలు. కంపెనీ సరేననలేదు. లినక్స్ మీద ఆడేవాళ్లు వందకి ఇద్దరు కూడా లేరనీ, వాళ్లలో ఎవరు నిజాయితీపరులో కనిపెట్టడం తమకు కష్టమనీ, అందుకని అందరినీ ఆపేస్తున్నామనీ ఒక ప్రకటన వేసి ఊరుకున్నారు.

మామయ్యకు చదివి వినిపించాను.

"ఇద్దరైతే ఏంటి? వందమందిలో ఇద్దరికే తప్పు తూస్తే అది తప్పు కాదా?" అన్నాడు.

కొత్త కంప్యూటర్ కొందామన్నాను. "ఇది నడుస్తోందిగా. దీనికేం రోగం?" అన్నాడు. పనిచేసే వస్తువును పక్కన పడెయ్యడం ఆయన వల్ల కాదు. కొందామన్న మాట మీద నేను గట్టిగా నిలబడి ఉంటే సరిపోయేది.

నిలబడలేదు. భౌతికశాస్త్రం చదివాను, అడ్డం వచ్చినదానికి పక్కదారి వెతకడం నాకు అలవాటు. లినక్స్ వాళ్లు నెట్‌లో పెట్టుకునే చర్చల్లో ఒకతను చిన్న ఫైలు ఒకటి పెట్టాడు. అది వేస్తే కాపలా ప్రోగ్రాం తాను విండోస్ మీదే ఉన్నాననుకుంటుంది. ఇది ప్రమాదమని కింద ఇద్దరు ముగ్గురు రాశారు. నేను చదివాను. పాపకు ఒక టీకా వేయించాలంటే పది చోట్ల చదివి, ఇద్దరు డాక్టర్లను అడిగే మనిషిని నేను. ఇక్కడ మాత్రం ఆటే కదా అనుకున్నాను.

ఫైలు వేశాను. ఆట తెరుచుకుంది.

"ఏం చేశావే?" అన్నాడు మామయ్య.

"అప్‌డేట్ చేశాను."

"కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారా?"

"ఆఁ, అలాంటిదే" అన్నాను, పాపకు సాక్సులు తొడుగుతూ.

తొమ్మిది రోజులు ఏమీ కాలేదు. పదో రోజు శనివారం. పాప నా ఒళ్లో ఉంది. మామయ్య పైకెక్కి "నాలుగు వందల పది... మూడు వందల తొంభై" అంటున్నాడు. తెర నల్లబడింది. మధ్యలో ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'కాటా: మోసానికి పాల్పడినందుకు శాశ్వతంగా తొలగించాం.' ఓడలో ఉన్న నలుగురి తెరల మీదా అదే వస్తుందని నాకు తెలుసు. హెడ్‌ఫోన్‌లో మాటలన్నీ తెగిపోయాయి.

మామయ్య హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో ఏముందో చదువు" అన్నాడు. ఆయనకు చదవడం రాక కాదు.

చదివాను.

"నేనేం చేశాను?"

అప్పుడు చెప్పాను, ఆ ఫైలు సంగతి మొత్తం. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

"అంటే సీలు తెంచి, తెంచలేదన్నట్టు కట్టావు" అన్నాడు.

"ఏమైందండీ, ఓడ మునిగిందా?" అంటూ అత్తయ్య వచ్చింది. మా మొహాలు చూసి పాపను ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది.

కంపెనీకి ఆరు ఉత్తరాలు రాశాను. తప్పు నాదని, ఆయన దొంగదారిలో ఒక్క దూరం కూడా చెప్పలేదని, కావాలంటే ఆడిన ఆటలన్నీ చూసుకోమని. ఆరింటికీ ఒకే జవాబు, ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చింది. పరిశీలించాం, నిర్ణయం మారదు. అది మనిషి రాసిందని నేననుకోను.

అప్పుడు కొన్నాను కొత్త కంప్యూటర్, విండోస్‌తో సహా. కొత్త పేరుతో ఖాతా తెరిచి మామయ్య ముందు పెట్టాను.

"పేరు మార్చుకుని వెళ్లమంటావా?"

"వేరే దారి లేదు మామయ్యా. ఆఖరి పందెం రేపే."

"నిన్నటిదాకా నేను మోసం చెయ్యలేదు. ఇప్పుడు దొంగ పేరుతో వెళ్తే ఆ ఎర్ర అక్షరాలు నిజమవుతాయి."

"పోనీ చిన్న మామయ్యకు నేను ఫోన్ చేసి తప్పు నాదని చెప్తాను."

"వద్దు." అంత గట్టిగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. "వాడు చెప్పినప్పుడు నేను విన్నానా? నా మాట వాడెందుకు వినాలి?"

ఆఖరి పందెం ఆయన లేకుండానే అయిపోయింది. ఆ తర్వాతి సోమవారం, చెప్పకుండా, నేను గోదాముకి వెళ్లాను. పైకప్పు దాకా అట్టపెట్టెలు. వాటి మధ్య చిన్న మామయ్య చేతిలో లిస్టు పట్టుకుని ఒక్కో వరస సరిచూస్తున్నాడు. నన్ను చూసి కళ్లద్దాలు పైకి తోశాడు.

"ఏమ్మా, పాపకు ఒంట్లో బాగుందా?" అన్నాడు ముందుగా. నా మొహం చూస్తే అందరూ మొదట అదే అడుగుతారు.

"బాగుంది. నేను ఆట సంగతి చెప్పాలని వచ్చాను." గబగబా చెప్పేశాను. ఫైలు, అబద్ధం, ఉత్తరాలు, అన్నీ.

ఆయన చివరిదాకా విన్నాడు. "ఇందుకోసం ఇంత దూరం వచ్చావా? నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"అన్నయ్య మోసం చెయ్యడని. ఆ అక్షరాలు కనపడగానే మిగతా ఇద్దరూ నోళ్లు తెరిచారు. ఛీ కాటా ఇలాంటోడా అని ఒకడన్నాడు. నోరుమూసుకో, తప్పు ఆ మిషన్‌ది, ఆ మనిషిది కాదు అన్నాను. నాకు క్షణం కూడా పట్టలేదు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "అయితే ఒక్కసారి ఫోన్ చెయ్యి మామయ్యా. పాపం ఆయన నీ ముందు తలెత్తుకోలేక కూర్చున్నాడు."

ఆయన లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు క్షణం కూడా పట్టలేదన్నాను కదా. ఆయనకి నా సంగతి పదకొండేళ్లయినా తెలియలేదు. నేను ఎలాంటివాణ్ణో పుట్టినప్పట్నుంచీ చూస్తున్న మనిషికి." పెట్టెల వైపు తిరిగి, "రెండేళ్లూ అక్కడ ఎదురు చూశానమ్మా. ఇవాళంటాడు, రేపంటాడు అని. గజాలు తప్ప ఇంకేం చెప్పలేదు" అన్నాడు.

దొంగ పటకారు సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. అది పెద్ద మామయ్యకు తొమ్మిదేళ్లుగా తెలుసని, ఆఖరి పందెం రోజున చెప్పాలనుకున్నాడని. కానీ అది నేను చెప్పే మాట కాదు. ఒకసారి ఆయన తరఫున నేను నిర్ణయించుకున్నందుకు ఏం జరిగిందో చూశాను. ఊరుకున్నాను. ఊరుకోవడం మంచిదయిందో కాదో ఇప్పటికీ తెలియదు.

ఆ శనివారం పాపను తూచాక, చిన్న మామయ్య అన్న ప్రతి మాటా ఉన్నదున్నట్టు మామయ్యకు చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు, కలపలేదు. ఆయన పాప కింద పరిచిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాడు.

"ఎదురు చూశాడా?"

"చూశానన్నాడు."

"నేనూ అదే..." అని ఆగిపోయాడు. "నిజమే, వాడన్నది నిజమే" అన్నాడు.

బయట ఎవరో కాటా దింపుతున్న చప్పుడు. మామయ్య లేవలేదు.

"వాడి నంబరు నీ దగ్గరుందా?"

"ఉంది. ఇవ్వనా?"

మడత పెట్టిన గుడ్డను కాటా పక్కన పెట్టాడు.

"నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

అది జరిగి ఏడు నెలలైంది. పాప నడుస్తోంది. కాటా మీద ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండడం లేదు. ప్రతి శనివారం వెళ్లే ముందు ఆ నంబరు ఫోనులో ఉందో లేదో ఒకసారి చూసుకుంటాను. మామయ్య ఇంతవరకూ అడగలేదు.