నాలుగు ఆకుపచ్చ మూతలు

భీమేశ్వరరావు ఎవరినీ తొందరపడి నమ్మే మనిషి కాదు. ఉద్యోగమంతా ప్రభుత్వ ఆడిట్‌లోనే గడిచింది గనుక, మనుషులు తప్పులు చేస్తారనీ వస్తువులు చెయ్యవనీ ఆయనకొక సిద్ధాంతం ఏర్పడిపోయింది. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి మదీనాగూడలో ఇల్లు కట్టుకున్నాడు. ప్లాను ప్రకారం అదొక నిండు వీధి. నేల మీద మాత్రం రెండే ఇళ్ళు, తక్కినవి హద్దురాళ్ళు.

ఆ రెండో ఇంట్లో అద్దెకున్నవాడు తిమ్మప్ప. కదిరి వైపు మనిషి. ఖాజాగూడ దగ్గర బండల మధ్య ప్లాట్లు చూపించి అమ్మిపెట్టడం ఆయన వృత్తి. రెండిళ్ళకీ ఉమ్మడిగోడ. ఆ గోడలో ఒక చిన్న తలుపు పెట్టించుకున్నారు. ఇటునుంచి గోంగూర వెళ్ళేది, అటునుంచి ఓళిగలని వాళ్ళు పిలిచే బొబ్బట్లు వచ్చేవి. "ఆ తలుపే లేకపోతే ఈ రాళ్ళలో నాకు పిచ్చెక్కేదండీ," అని భీమేశ్వరరావు భార్య బాలాత్రిపురసుందరి తరచూ అనేది. పైకి అనకపోయినా ఆయన పరిస్థితీ అదే. మాదాపూర్‌లోని ఆఫీసుకు తన పాత మారుతిలో తిమ్మప్పను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళే ఆ కాస్త దూరంలోనే ఆయన రోజు మొత్తానికి సరిపడా మాట్లాడేవాడు.

ఇంత సవ్యంగా ఉన్న సంసారంలోకి శాస్త్రవిజ్ఞానం ప్రవేశించింది. బావమరిది నరసింహమూర్తి సింగపూర్ వెళ్ళొస్తూ నాలుగు బుల్లి మూతలు తెచ్చాడు. టైరుకు గాలి కొట్టే చోట బిగించాలి. "గాలి సరిగా ఉంటే ఆకుపచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు బావగారూ. ఇక మీరు చూసుకోనక్కర్లేదు."

తిమ్మప్ప వంగి చూశాడు. "కాలితో ఒక తాపు తంతే తెలిసిపాయ గదన్నా. దానికి సింగపూర్ నుంచి మూతలేంటికి?"

"తన్ను అభిప్రాయం తిమ్మప్పగారూ. ఇది ఆధారం."

అయితే ఈ ఊళ్ళో తిప్పితే ఊడొచ్చేదేదీ తెల్లారేసరికి బండికి ఉండదని భీమేశ్వరరావు నమ్మకం. ఏ సాయంత్రమైనా బండి ఆపగానే వైపర్లు పీకి ఇంట్లోకి తెచ్చుకునే మనిషి ఆయన. మూతలకూ అదే మర్యాద దక్కింది. సాయంత్రం విప్పి దేవుడి గూట్లో కుంకుమభరిణె పక్కన పెట్టేవాడు. పొద్దున్నే స్నానం చేసి వచ్చి బిగించేవాడు. బిగిస్తున్నప్పుడు ప్రతిదీ సన్నగా "స్స్" మనేది. పరికరం పని మొదలుపెట్టిందని ఆయన తృప్తిపడేవాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం నాలుగూ పసుపు చూపించాయి. బంకులో గాలి కొట్టించాడు. ఆకుపచ్చ వచ్చింది. మళ్ళీ కొన్నాళ్ళకు, మళ్ళీ ఉదయం పూటే, నాలుగూ పసుపు. సాయంత్రం పచ్చగా ఉన్నవి తెల్లారేసరికి మారుతున్నాయి. ఒక్క చక్రం దిగితే అది మేకు పని. నాలుగూ కలిసి దిగితే అది మనిషి పని. వీధిలో ఉన్నవి రెండే ఇళ్ళు. ఆడిట్‌లో అరిగిన బుర్రకు మిగతా కూడిక కష్టం కాలేదు.

"ఆ మూతలే పాడయ్యాయేమో," అంది బాలాత్రిపురసుందరి.

"సింగపూర్ వస్తువు. అబద్ధమాడదు."

"అయితే తిమ్మప్పగారు ఆడతారా?"

"నేనెవరి పేరూ ఎత్తలేదే."

"ఎత్తకపోయినా గోడవైపే చూస్తున్నారుగా."

మర్నాడు ఆ చిన్న తలుపుకు తాళం పడింది. ఎప్పటిలా సంచితో వచ్చిన తిమ్మప్ప గోడ అవతలే ఆగాడు. "ఏమన్నా, బీగం ఏసినావు?"

"ఎవరినీ ఉద్దేశించి కాదండీ. రాత్రిళ్ళు బండిలో గాలి పోతోంది. నాలుగు చక్రాల్లోనూ."

తిమ్మప్ప తాళాన్ని చూశాడు, బండిని చూశాడు. ఆ చూపు భీమేశ్వరరావు మీదికి రావడానికి కాస్త సమయం పట్టింది.

"సరే సార్. నేను బస్సుకు పోతా."

తాళం వేశాక కూడా గాలి తగ్గింది. దాంతో తిమ్మప్ప గోడ దూకుతున్నాడని రుజువైంది. మోకాళ్ళ నొప్పుల మనిషి గోడెలా దూకుతాడని భార్య అడిగింది. కసి ఉన్నచోట మోకాళ్ళు అడ్డం రావని భర్త తేల్చాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు తగ్గాయి. గోంగూర మిగిలిపోయి పారబోయడం మొదలైంది.

అంతలో కాకినాడలో పెళ్ళి. రైలు వేళ దాటిపోతోందన్న కంగారులో మూతలు విప్పడం మరిచిపోయి, బండికే వదిలేసి వెళ్ళారు. వారం పైన అయ్యాక తిరిగివచ్చి చూస్తే ఎవరూ దొంగిలించలేదు. పైగా నాలుగూ పచ్చగానే ఉన్నాయి. అయితే పక్కింటి గేటుకు "ఇల్లు కిరాయికి ఇవ్వబడును" అన్న అట్టముక్క వేలాడుతోంది.

భీమేశ్వరరావు బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక మూత విప్పాడు. మళ్ళీ బిగించాడు. "స్స్" మంది. ఈసారి వేలు దగ్గర పెట్టి చూశాడు. చల్లగా తగిలింది. మూత లోపలి పుల్ల టైరు పిన్నును నొక్కినప్పుడల్లా కాస్త గాలి బయటికొస్తోంది. అంటే ఇన్నాళ్ళూ, రోజూ, స్నానం చేసి మరీ, ఆ గాలి తీస్తున్నది తానే.

వాకబు చేసి ఆదివారంనాడు భార్యాభర్తలిద్దరూ ప్రగతి నగర్‌లో తిమ్మప్ప కొత్తగా దిగిన ఇంటికి వెళ్ళారు. తిమ్మప్ప భార్య లక్ష్మీదేవి "బాగుండారా అక్కా" అని కుర్చీ వేసి, వెంటనే లోపలికి వెళ్ళింది. కాఫీ చుట్టాలకిచ్చే గాజు కప్పుల్లో వచ్చింది. భీమేశ్వరరావు పుల్ల గురించీ పిన్ను గురించీ నివేదిక చదివినట్టు వివరించాడు.

"తప్పంతా నాదేనండీ. ఆ మూతలు తీసి పారేశాను."

"మూతలేం చేసినాయి సార్, పాపం. గాలి తగ్గిందన్నాయి, తగ్గింది. ఎవరు తీసినారో అవి చెప్పలేదు గదా."

"అదే, నేను పొరబడ్డాను."

"తిమ్మప్పా, నువ్వేనా అని ఒక మాట అడిగింటే సరిపోతాండె. తిట్టుకునేవాళ్ళం, అయిపోతాండె. బీగానికి ఏమని జవాబు చెప్పేది?"

భీమేశ్వరరావు కప్పు అడుగున చక్కెర చూస్తూ కూర్చున్నాడు.

బయల్దేరేటప్పుడు తిమ్మప్ప మర్యాదగా వీధి దాకా వచ్చాడు. "రేపు పొద్దున ఇటు రమ్మంటారా? ఖాజాగూడలో దింపుతాను," అన్నాడు భీమేశ్వరరావు.

"మీకు చుట్టుదారి సార్. నాకు బస్సుంది."

బాలాత్రిపురసుందరి వెనకసీట్లో కూర్చుని ముఖం అవతలి కిటికీ వైపు తిప్పుకుంది. బండి కదిలేదాకా తిమ్మప్ప అక్కడే ఉన్నాడు. బండికి ఎడంగా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, చక్రాల వైపు చూడకుండా నిలబడి ఉన్నాడు.