కత్తెరమ్మ కుట్టిన గర్భసంచి

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనే పిలిచేవారు. మనిషిని ఎగాదిగా ఒక్కసారి చూసి, టేపు పట్టకుండానే గుడ్డ కత్తిరించేది. ఆ ధీమా మిషను దగ్గర ఆగక వంటింట్లోకీ వచ్చేది.

కోడలికి ఆరో నెల రాగానే కంచం దగ్గర కాపలా కూర్చుంది. "చాల్లే అమ్మా. కడుపంతా తిండే నింపితే బిడ్డ ఎక్కడ కాళ్లు చాపుకుంటుంది?"

కొడుకు అడ్డుపడబోతే, "నువ్వు నా కడుపున పుట్టావా, నేను నీ కడుపున పుట్టానా?" అని నోరు మూయించేది. కోడలు అర్ధాకలితో లేచిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నర్సు దుకాణానికొచ్చింది. గర్భిణులకు పాఠం చెప్పే ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ పగిలిపోయిందట.

"గుడ్డతో కుట్టిస్తావా అక్కా?"

"కుట్టలేనిదేముంది!"

నర్సు పక్కన కూర్చుని చెబుతుంటే పని మొదలైంది. పిడికిలంత గర్భసంచికి ఎర్ర మఖమలు, లోపలి పొరకు గులాబీ శాటిను.

"గర్భం రాని నెలలో ఈ అస్తరే ఊడిపోతుంది. అదే నెలసరి," అంది నర్సు.

రెండు పక్కలా గొట్టాలు, వాటి చివర కుచ్చులు. బాదంగింజల్లాంటి అండాశయాలను కుచ్చులకు కలిపి కుట్టబోతే నర్సు ఆపింది. "అతికించకు. విడుదలైన అండాన్ని ఆ కుచ్చులే లోపలికి లాక్కుంటాయి. వీర్యకణం వచ్చి కలిసేది గొట్టంలోనే."

కింద మూతికి బొందు పెట్టాక కత్తెరమ్మ అడిగింది: "సరే, తిండి దిగే దారి ఎటు కుట్టను?"

"అది ఇందులోకి రాదక్కా. జీర్ణాశయం వేరే సంచి, పైనెక్కడో ఉంటుంది. బిడ్డకు కావలసింది తల్లి రక్తంలోంచి మాయకు, అక్కణ్ణుంచి బొడ్డుతాడుకు వెళ్తుంది. తల్లి పస్తుంటే ఇద్దరికీ నష్టమే."

కత్తెరమ్మ చేతిలో సూది ఆగింది. "మరి చోటు?"

"గర్భసంచి సాగుతుంది. పైనున్న జీర్ణాశయాన్ని కాస్త నొక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినాలి. అంతేగాని తగ్గించకూడదు."

"సాగుతుందా? ఆ మాట ముందే చెప్పొద్దూ! మఖమలు సాగి చస్తుందా?" అంటూ కుట్లన్నీ విప్పేసి, బనియను గుడ్డతో మళ్లీ కుట్టింది. సంచిలో చిన్న పిల్లబొమ్మను పెట్టి, బొందు వదులు చేసి బయటికి లాగి చూసింది. సాఫీగా వచ్చింది.

ఇంటికి రాగానే కోడలి ముందు నిండు కంచం పెట్టింది.

"నిన్నటిదాకా చాలన్నారు కదత్తయ్యా?"

"నిన్న నాకు తెలీదు. ఇవాళ కుట్టి చూశాను. తిను."

కోడలు వంచిన తల ఎత్తకుండా తింది. కత్తెరమ్మ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

నెలలు నిండి, మనవరాలు బొద్దుగా పుట్టింది. ఇప్పుడు వారం వారం పాఠానికి నర్సు పక్కన కత్తెరమ్మ కూడా నిలబడుతుంది. గర్భిణుల వెంట వచ్చి, బొమ్మను చూడగానే మొహం తిప్పుకునే మొగుళ్లతో అంటుంది:

"ఇటు చూడండి నాయనా. మీరంతా దిగిన ఇల్లే ఇది, సిగ్గెందుకు?"