తిట్లత్త ఇంట్లో కెమెరా

ఆ వీధిలో ఎవరిని అడిగినా తిట్లత్త ఇల్లు చూపిస్తారు. చూపించేవాళ్ళు దొరక్కపోయినా పరవాలేదు. పొద్దున తొమ్మిది దాటాక వీధి మొదట్లో నిలబడి కాస్త చెవి ఒగ్గితే చాలు. "ఓసి నీ దుంప తెగ, ఆ చెప్పు నోట్లో పెట్టుకుంటావేంటే" అని ఒక గొంతు, ఆ వెంటనే ఒక పసిపిల్ల కిలకిల వినిపిస్తాయి. ఆ రెండూ ఏ గుమ్మంలోంచి వస్తే అదే ఆవిడ ఇల్లు.

అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళ పిల్లల్ని పగలంతా చూసుకోవడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే. ముందుగది మొత్తం పిల్లలకే వదిలేసింది. గోడవారన మడత పెట్టిన పరుపులు, కిటికీకి కట్టిన తాడు మీద చిన్న చిన్న తువ్వాళ్ళు, మూలన చక్రం ఊడిన బొమ్మ లారీ. సొంత పిల్లలు కలగలేదు. ఆ దిగులు ఎప్పుడైనా పడిందో లేదో గాని, పడే తీరిక మాత్రం ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు. భర్త బస్సు డ్రైవరు. ఇంట్లో మాట్లాడే పని మొత్తం భార్యకే అప్పజెప్పి, తాను హారన్‌తో సరిపెట్టుకునే మనిషి.

ఇక ఆవిడ తిట్ల సంగతి. గాడిద, బడుద్ధాయి, దద్దమ్మ, కోతిమొహం, ఇవన్నీ ఆ ఇంట్లో ముద్దుపేర్లు. నోరు "ఒరేయ్ శుంఠా" అంటూ ఉండగానే చెయ్యి ఆ శుంఠ ముక్కు నొప్పి పుట్టకుండా తుడుస్తూ ఉంటుంది. బయటివాళ్ళతో మాత్రం ఆవిడ ఎక్కడలేని మర్యాదగా, అండీ గిండీ తగిలించి మాట్లాడుతుంది. ఆవిడ మర్యాద చేసిందంటే మనల్ని ఇంకా గుమ్మం బయటే ఉంచిందని అర్థం.

ఈ ఏడాది ఆవిడ దగ్గర ముగ్గురు పిల్లలున్నారు. బుగ్గలు అనే రెండేళ్ళ పిల్ల. పిడుగు అనే నాలుగేళ్ళ పిల్ల. మూడోవాడు మూడేళ్ళ పెద్దమనిషి. నవ్వడు, ఏడవడు, చేతులు వెనక్కి కట్టుకుని గదంతా తనిఖీ చేస్తూ తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. వాడితో వచ్చిన చిక్కు ఒక్కటే, తిండి తినడు. ఇంతకుముందు చేర్చిన రెండు చోట్లా మా వల్ల కాదని వాడిని తిప్పి పంపేశారు. తిట్లత్త మాత్రం మొదటిరోజే వాడి ఎదురుగా కంచం పెట్టుకుని కూర్చుని, "ఏరా తింగరి వెధవా, నీకోసం కోడి కష్టపడి గుడ్డు పెడితే తినవా, దానికి ఏం సమాధానం చెప్తావురా" అని మొదలుపెట్టింది. వాడు ఆశ్చర్యంతో నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ముద్ద పడింది. అప్పటినుంచి తిట్టుకి ఒక ముద్ద లెక్కన వాడి భోజనం సాగుతోంది.

వాడి తల్లి ఒక కంటి ఆసుపత్రిలో కొత్త రోగుల పేర్లు రాసుకునే కౌంటర్లో పనిచేస్తుంది. భర్త ఉద్యోగం వేరే ఊళ్ళో. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను, ముఖంలో కంగారు, ఈ మూడూ లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. తిట్లత్త ఆమెను మేడమ్ అంటుంది. ఒకరోజు పెద్దమనిషి తనిఖీలో ఉండగా కిటికీ అంచు తగిలి నుదురు బొప్పి కట్టింది. తిట్లత్త ఉన్నదున్నట్టు చెప్పింది, తల్లి సరేనంది. రెండు రోజుల తర్వాత ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది.

"తప్పుగా అనుకోకండి ఆంటీ. మా ఆసుపత్రిలో అందరూ ఇళ్ళల్లో పెట్టించుకున్నారట. మధ్యమధ్యలో వాణ్ణి చూసుకుంటే నాకు కాస్త స్థిమితంగా ఉంటుంది. అంతే."

"దానికేముంది మేడమ్, పెట్టిస్తాను," అంది తిట్లత్త. ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ పెట్టెను ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళలో ఎవరూ తనమీద కాపలా పెట్టలేదు. ఆ మాట మనసులో కలుక్కుమంటూనే ఉంది.

పై వాటాలో ఉండే తోటికోడలు ఫోన్ల దుకాణంలో పనిచేస్తుంది. శనివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఆమెను కూర్చోబెట్టి పెట్టె విప్పించింది. లోపల కోడిగుడ్డంత తెల్ల కెమెరా, ఒక తీగ ఉన్నాయి. ప్లగ్గులో పెట్టగానే ఎర్రదీపం మిణుకుమిణుకుమంది. లోపల్నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"అత్తా, లోపల ఎవరున్నారు?" అంది పిడుగు.

"మీ మేనత్త ఉంది. నోరు మూసుకుని కూర్చో, లేకపోతే నిన్నూ లోపలికి లాగేసుకుంటుంది."

తోటికోడలు తన ఫోన్లో కెమెరా తాలూకు యాప్ ఎక్కించుకుంది. ఇంటి నెట్‌కి కలపబోతే కలవలేదు. రెండోసారీ కలవలేదు. "మన నెట్‌కి రెండు పేర్లున్నాయక్కా. ఒకటి మామూలుది, ఇంకొకటి చివర ఫైవ్ జీ అని తోక ఉన్నది. నేను తోక ఉన్నదానికి కలుపుతున్నా. ఈ కెమెరాకి అది పడదు," అని మామూలుదాన్ని నొక్కింది. ఈసారి పాస్‌వర్డ్ అడిగింది.

"పాస్‌వర్డ్ చెప్పక్కా."

"నాకేం తెలుసే. ఆ నెట్ అబ్బాయి నా ఫోన్లో ఏదో కొట్టి, మీరన్నదే పెట్టానండీ అని వెళ్ళిపోయాడు. నేనేమన్నానో నాకే గుర్తులేదు."

తోటికోడలు నెట్ అబ్బాయికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. అవతలివాడు ముందు కాసేపు నవ్వాడు. "ఏం పెట్టమంటారండీ అని ఆవిణ్ణి మూడుసార్లు అడిగానండీ. ఆవిడ కిటికీ ఎక్కిన పిల్లవైపు చూసి, దిగవే కోతీ అని అరిచారు. అక్షరాలు సరిపోయాయి, అదే పెట్టేశాను."

పిడుగు గర్వంగా చుట్టూ చూసింది. తోటికోడలు నవ్వాపుకుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో దిగవే కోతి అని కొట్టింది. తప్పు అంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే.

"కోతి ఎలా రాశావే?"

"కె, ఓ, టి, ఐ."

"అది కోటి కదే మొద్దూ. నేనన్నది కోతిని. హెచ్ ఒకటి తగిలించు. ఇన్ని ఫోన్లు అమ్ముతావు, కోతికీ కోటికీ తేడా తెలీదు."

హెచ్ తగిలించాక నెట్ ఒప్పుకుంది. ఫోన్ తెరమీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఒకటి వచ్చింది. దాన్ని జానెడు దూరంలో కెమెరాకి చూపించమంది యాప్. చూపించారు. కుయ్‌మని శబ్దం వచ్చి ఎర్రదీపం కాస్తా నీలమైంది. తోటికోడలు స్టూలెక్కి కెమెరాను గోడ మేకుకి తగిలిస్తుండగా, పెద్దమనిషి కింద వేలాడే తీగను పట్టుకుని లాగాడు. స్టూలు ఊగింది. తిట్లత్త ఒక్క ఉరుకున వచ్చి ఒక చేత్తో స్టూలు పట్టుకుంది, రెండో చెయ్యి పైకెత్తి కెమెరా ఊడిపడకుండా అడ్డం పెట్టింది. "వదలరా దొంగ వెధవా, చెయ్యి విరగ్గొడతా" అంది.

బల్లమీది ఫోన్లోంచి ఒక్క క్షణం ఆలస్యంగా అదే మాట వినిపించింది. వదలరా దొంగ వెధవా, చెయ్యి విరగ్గొడతా. తెరమీద పైనుంచి తీసిన బొమ్మ ఉంది. ఒక లావుపాటి మనిషి నడినెత్తి, పైకెత్తిన చెయ్యి, ఆ చేతికింద అరచేయంత పిల్లవాడు. స్టూలు కనబడలేదు.

తిట్లత్త ఆ బొమ్మవైపే చూస్తూ నిలబడిపోయింది. అది తన గొంతే. కాని ఇంత గరుకుగా ఉంటుందని ఆవిడకు తెలియదు. ఆ మనిషి దగ్గర తానైతే పిల్లవాణ్ణి వదిలి వెళ్ళదు.

"మాట వినపడకుండా మైకు ఆపేయనా అక్కా?" అంది తోటికోడలు మెల్లగా.

"వద్దు. ఆపితే ఏదో దాస్తున్నానని ఆ మేడమ్ అనుకుంటుంది. నా నోరే నేను ఆపుకుంటాలే."

సోమవారం పొద్దున తోటికోడలు ఆ కెమెరా బొమ్మ పెద్దమనిషి తల్లి ఫోన్లోనూ కనబడేలా కలిపింది. అప్పటినుంచి ఆపుకుంది. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఉన్నంత మర్యాద ఏ పెళ్ళివారికీ జరిగి ఉండదు. "బాబూ, రండి, కూర్చోండి. పాపా, చెప్పు నోట్లో పెట్టుకోకూడదు తల్లీ." బుగ్గలు చెప్పు నోట్లోంచి తీసి అనుమానంగా ఆవిడ ముఖంలోకి చూసింది. పిడుగు కిటికీ ఎక్కి దిగమనేదాకా ఎదురుచూసి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి తనే దిగివచ్చి, "అత్తా, మామీద కోపమొచ్చిందా" అని అడిగింది. ఆవిడ లేదమ్మా అంది, అదీ మర్యాదగానే.

పెద్దమనిషి మాత్రం పళ్ళు బిగించేశాడు. సోమవారం రెండు ముద్దలు, మంగళవారం ఒక్కటి తిన్నాడు. "తినండి బాబూ" అంటే వాడు ఎవరితోనో అంటున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

మంగళవారం సాయంత్రం తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఫోన్లో చూశానాంటీ. మీరు ఎంతో ఓపిగ్గా పెడుతున్నారు, వాడే తినట్లేదు. ఇక్కడ కుదురుకున్నాడనుకున్నాను." మెడలోని కార్డు తాడును వేలికి చుట్టుకుంది. "ఈ వారం చూస్తాను. లేకపోతే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాను. ఇంకేం చేయను?"

ఆమె వెళ్ళాక తిట్లత్త మెట్టుమీద కూర్చుండిపోయింది. తిడితే వాడి తల్లి తీసుకెళ్ళిపోతుంది. తిట్టకపోతే వాడి ఆకలి తీసుకెళ్ళిపోతుంది. వాడు లేని ముందుగదిని ఊహించుకోబోయి, చేతకాక లేచి గిన్నెలు కడిగింది.

బుధవారం మధ్యాహ్నం కంచం కలుపుకుని వాడి ఎదురుగా కూర్చుంది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. మొన్నటికీ ఇవాళ్టికీ వాడి చెంపలు లోపలికి పోయాయి. అది చూశాక ఆవిడ తలెత్తి గోడమీది కెమెరాతో మాట్లాడింది.

"మేడమ్, వింటున్నారో లేదో నాకు తెలీదు. నా నోరు మంచిది కాదు. ఈ మూడు రోజులూ మీకోసం బిగబట్టుకున్నాను. మీవాడు నేను తిడితేనే తింటాడు. ఇప్పుడు తిడతాను. చెయ్యి మాత్రం ఇరవై రెండేళ్ళలో ఏ బిడ్డ మీదా ఎత్తలేదు. విన్నాక నచ్చకపోతే సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి, నేనేమీ అనుకోను." ఆ చివరిమాట అబద్ధం.

తర్వాత పిల్లవాడివైపు తిరిగింది. "ఏరా సన్నాసీ. మూడు రోజుల్నుంచి చూస్తున్నా, ఏంట్రా నీ బడాయి. పెద్ద కలెక్టరువా నువ్వు? ఆ కోడి పొద్దున్న నా దగ్గరకొచ్చి ఏడ్చింది తెలుసా, నా గుడ్డు ఏం పాపం చేసిందని. తెరువు, తెరవరా భడవా."

వాడి తల ఇటు తిరిగింది. వెనక కట్టుకున్న చేతులు ముందుకొచ్చాయి. నోరు తెరుచుకుంది. పిడుగు "అత్తొచ్చింది, అత్తొచ్చింది" అంటూ పరుపుమీద గెంతింది. కంచం ఖాళీ అయ్యేలోపు ఆ ముగ్గురూ మూడు రోజుల తిట్లూ బాకీ లేకుండా తిన్నారు. పెద్దమనిషి చివరి ముద్దకి ఒక్కసారి నవ్వాడు కూడా.

ఆవిడ మాత్రం నవ్వలేదు. ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంది. రెండయింది, మూడయింది. ఎవరూ చేయలేదు. వాడి బట్టలు మడిచి సంచిలో పెట్టింది. మళ్ళీ తీసి తాడుమీద వేసింది.

ఆరింటికి రావలసిన తల్లి నాలుగున్నరకే వచ్చింది. ఒక చెప్పు గుమ్మం బయట విడిచి, రెండోది విడవడం మరిచిపోయి లోపలికి నడిచింది. పిల్లలు ముగ్గురూ నిద్రపోతున్నారు. కొడుకు పొట్టమీద చెయ్యి వేసి చూసింది, నిండుగా ఉంది.

తిట్లత్త లేచి నిలబడింది. "తీసుకెళ్తారా మేడమ్?"

"విన్నానాంటీ. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని మొత్తం విన్నాను. లైన్లో ఉన్న పెద్దాయన, ఎందుకమ్మా ఏడుస్తున్నావ్ అని అడిగాడు." ఆమె కొడుకు చొక్కా సర్దింది. "మా అమ్మ నన్ను ఇలాగే తిట్టేది. వీడు పుట్టకముందే పోయింది. అప్పట్నుంచి నన్ను తిట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ మేడమ్ మేడమ్ అంటారు. మీరు కూడా."

తిట్లత్త ఆమెను అప్పుడు సరిగ్గా చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళకింద నలుపు. మహా అయితే ఇరవై ఆరేళ్ళుంటాయి.

"మధ్యాహ్నం ఏమన్నా తిన్నారా?"

"లేదు. వాడు తినట్లేదని నేనూ రెండు రోజులుగా..."

"నీ మొహం మండ," అంది తిట్లత్త. "తల్లివి నువ్వే కడుపు మాడ్చుకుంటే వాడికెవరు నేర్పుతారే తింగరి మొహమా? ఒంటి చెప్పుతో అలా నిలబడ్డావేంటి, అది విడిచి కూర్చో."

ఆమె కూర్చుంది. చిన్నపిల్లలా మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, పిల్లల పరుపు అంచునే కూర్చుంది. తిట్లత్త కంచం తెచ్చి ముందు పెట్టేసరికి ఆమె భుజాలు కదులుతున్నాయి.

"సరే, ముందు ఏడవడం కానివ్వు. తర్వాత తిందువుగాని. అన్నం ఎక్కడికీ పోదు."