డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటుందని

మా ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా ముందు గ్యాసే అంటారు. తలనొప్పయితే గ్యాసు, నడుం పట్టేస్తే గ్యాసు. మా అత్తగారు పోయిన రోజున కూడా ముందు సోడాకే పరిగెత్తారు. అలాంటి ఇంట్లో నేను, తెల్లారగట్ల మెలకువొచ్చి గుండెలు దడదడలాడుతున్నాయని, ఎందుకో తెలీకుండా ఏడుపొస్తోందని చెబితే ఏం చేస్తారు? వాముపొడి వేడినీళ్ళలో కలిపిచ్చారు. తాగాను. త్రేన్పులొచ్చాయి. ఏడుపు మటుకు ఎక్కడిదక్కడే ఉంది.

మాది మండవల్లి దగ్గర పల్లెటూరు. కొంచెం వరి, రెండు చేపల చెరువులు. నేను చదివింది ఐదో తరగతి గానీ నోరు పెద్దది. మధ్యాహ్నం వంటలయ్యాక చుట్టుపక్కల ఆడవాళ్ళు మా వీధరుగు మీద చేరేవారు, నా కబుర్ల కోసం. అలాంటిదాన్ని, గేటు చప్పుడైతే చాలు, పెరట్లోకి పోయి గేదె పక్కన నిలబడేదాన్ని. గేదె ఏమీ అడగదు కదండీ. పడుకోబోయేటప్పుడే రేపటి పొద్దుటి గురించి భయం పట్టుకునేది. నేను కోరుకున్నది పెద్దదేం కాదు. తెల్లారితే భయం లేకుండా మంచం దిగాలి, అంతే.

కైకలూరులో గుండె పరీక్ష, ఏలూరులో మళ్ళీ గుండె పరీక్ష. "మీ గుండె రాయిలా ఉందమ్మా, మీరు వెళ్ళాల్సింది మనసు డాక్టరు దగ్గరకి" అని పంపించారు. మా ఆయన చుట్టాలందరికీ నరాల డాక్టరని చెప్పుకున్నారు. ఆ డాక్టరుగారు నెమ్మదస్తుడు. అంతా విని, "ఇది డిప్రెషనండీ. దాంతోపాటు ఆందోళన కూడా ఉంది" అన్నారు.

మా ఆయన ఉలిక్కిపడి, "ఎటువైపండీ, కాకినాడ దగ్గరా, మచిలీపట్నం దగ్గరా?" అని అడిగారు.

ఆయన తప్పు కాదు. చెరువులున్నవాళ్ళకి డిప్రెషనంటే బంగాళాఖాతంలో వచ్చేదే. ముసురు పట్టిందంటే నీళ్ళలో గాలి చాలక చేపలు పైకి తేలిపోతాయి. డాక్టరుగారు నవ్వాపుకుని, "ఇది మీ ఆవిడ దగ్గరేనండీ" అన్నారు. మాత్రలు రాసిచ్చి, మాత్రలొక్కటే చాలవు, కౌన్సెలింగ్ కూడా కావాలి, మీకు కుదిరే మనిషిని వెతుక్కోండి అని చెప్పారు.

కుదరడం అన్న మాట వినేసరికి మా అమ్మాయి పెళ్ళి సంబంధాలు చూసినట్టు చూడ్డం మొదలెట్టింది. అమ్మాయిది తాడేపల్లిగూడెంలో టీచరు ఉద్యోగం.

మొదటి సంబంధం ఏలూరులో ఒక పెద్దాయన. నేను కూర్చుని "పొద్దున్నే భయమేస్తుందండీ" అన్నానో లేదో, "నాకూ అంతేనమ్మా" అని అందుకున్నారు. ఆయన షుగరు, కోడలి పద్ధతి, అపార్ట్‌మెంటులో లిఫ్టు పనిచేయకపోవడం, అన్నీ విన్నాను. చివరికి నేనే, "ఊరుకోండి బాబుగారూ, అన్నీ సర్దుకుంటాయి" అని ధైర్యం చెప్పి, ఫీజు కూడా ఇచ్చి వచ్చాను.

రెండోది ఫోనులో. వీడియోలో కనబడుతూ మాట్లాడే ఆవిడ. మా ఇంట్లో సిగ్నల్ వీధరుగు మీద తప్ప దొరకదు. అరుగు మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతుంటే మా ఊళ్ళో ఎవరూ ఊరికే పోరు. ఎదురింటి వదిన వచ్చి ఫోన్లోకి తొంగిచూసి, "ఎవరమ్మాయి? పెళ్ళయిందా?" అంది. కాలేదని ఆవిడ చెప్పింది పాపం. అక్కణ్ణించి వదిన ఆవిడ గోత్రం దాకా వెళ్ళింది. ఆవిడ మళ్ళీ ఫోను చెయ్యలేదు.

మూడోది తాడేపల్లిగూడెంలో. మందుల షాపు మీద గది. మా అమ్మాయి ఈడు పిల్ల, నేత చీర, మెత్తటి గొంతు. చెప్పింది శ్రద్ధగా వింటుంది, మధ్యలో ఫోను చూడదు. బాగుంది కదా అనుకున్నాను. ఊపిరి మెల్లగా తీసి వదలడం నేర్పింది. రోజూ నచ్చిన పని ఒకటి చెయ్యమంది.

రెండోసారి వెళ్ళినప్పుడు, "ఎలా ఉన్నారండీ?" అంది.

"బాగున్నానండీ" అన్నాను.

మా వైపు ఎవరు ఎలా ఉన్నారన్నా బాగున్నామండీ అనే అంటాం. ఆ మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. కానీ అది వినగానే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది చూడండి, పరీక్ష పాసైన పిల్లలా. ఆ మొహం చూశాక నిద్ర పట్టడం లేదని ఎలా చెప్పను? మొహమాటం. నిద్ర కొంచెం పడుతోందండీ అన్నాను. వెళ్ళిన ప్రతిసారీ కిందటిసారి కంటే కాస్త ఎక్కువ బాగుండాలి కదా. ఆకలేస్తోందండీ అన్నాను. ఇంకోసారి, ఏం తోచక, పాటలు పాడుకుంటున్నానండీ అన్నాను. వెళ్ళేటప్పుడు ఊరికే వెళ్ళలేక కొర్రమీను శుభ్రం చేయించి డబ్బాలో పట్టుకెళ్ళేదాన్ని. ఆ పిల్ల రెండు చేతులతో అందుకుని, "ఎందుకండీ ఇవన్నీ" అనేది.

ఇలా ఉండగా ఒకరోజు, "మీకు చాలా మెరుగైందండీ. ఇకనుంచి నెలకోసారి వస్తే చాలు. మాత్రలు తగ్గించవచ్చేమో డాక్టరుగారికి కూడా రాస్తాను" అంది.

ఆ పొద్దున్నే పళ్ళు తోముకోడానికి లేవలేక ఏడ్చి వచ్చాను.

మా అమ్మాయితో నిజం చెబితే తల పట్టుకుంది. "తగ్గకపోతే తగ్గలేదని చెప్పాలమ్మా. లేదా మానేసి ఇంకొకరిని చూద్దాం."

"మానేస్తానని మొహమ్మీద ఎలా చెప్పనే? డాక్టరమ్మ చిన్నబుచ్చుకుంటుంది."

"అయితే నాన్నగారు చెబుతారు."

నాన్నగారు సరేనన్నారు. గణపవరం దాటేదాకా బస్సులో ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే ఉన్నారు. "ఇలా కాదండీ, మాకు కుదర్లేదండీ, అంటాను. అంతేగా." తీరా గదిలో కూర్చున్నాక గణపవరం రోడ్డు ఎలా ఉందో చెప్పారు. చేపల మేత సంగతి చెప్పారు. ఈసారి ఎండలు ఎక్కువన్నారు. ఫ్యాను చప్పుడు చేస్తోంది, గ్రీజు పెట్టించమన్నారు. ఆ తర్వాత నావైపు చూసి, "ఇదిగో, నువ్వేదో చెప్పాలన్నావు" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ కోపంలోనే అనేశాను. "మీ దగ్గర నాకేమీ తగ్గలేదండీ."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. "ఎప్పటినుంచండీ?"

"మొదటినుంచీనండీ."

"మరి పాటలు పాడుకుంటున్నానన్నారు?"

"నాకు పాటలు రావండీ."

"నేనూ ఎప్పుడూ విన్లేదండీ" అన్నారు మా ఆయన, సాక్ష్యం చెప్పినట్టు.

చిన్నబుచ్చుకుంటుందని చూస్తున్నాను. చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నేనూ ఒకటి చెప్పాలండీ. మేం చేపలు తినం. మా నాన్నగారు పురోహితులు. మీరేమనుకుంటారోనని తీసుకుని కింద షాపువాళ్ళకి ఇచ్చేస్తున్నాను."

పురోహితుల పిల్లకి ఇన్నాళ్ళూ కొర్రమీను మోశానా అని నేను నోరు నొక్కుకున్నాను. నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు, రెండూ కలిసి వచ్చాయి. ఆ పిల్ల మంచినీళ్ళిచ్చింది. తర్వాత నెమ్మదిగా, "ఇంట్లో కూడా ఇలాగే బాగున్నానంటున్నారా?" అని అడిగింది.

మా ఆయన లేవబోయారు, బయట కూర్చుంటానని. నేనే ఉండమన్నాను. "వీరికీ అంతేనండీ. తెల్లారగట్ల మెలకువొచ్చినా కళ్ళు మూసుకుని పడుకుంటాను. ఈయన చెరువు దగ్గరకి వెళ్ళేదాకా కదలను. నా మొహం చూస్తే ఈయన బెంగపడతారు."

మా ఆయన చేతిసంచీ సర్దుకుంటూ, "నాకు తెలుసు. నువ్వు పడుకున్నట్టు నటిస్తుంటే లేపడం ఎందుకని చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్తున్నాను" అన్నారు.

ఇక ఆ రోజు నా నోరు మూతపడలేదు. నేనూ చెప్పాను, మధ్యలో ఆయనా చెప్పారు. తర్వాత రావాల్సినాయన తలుపు కొట్టి కొట్టి కిందకి టీకి వెళ్ళాడు. ఇంకొకరిని చూసుకుంటామన్న మాటే మర్చిపోయాం. లేచేటప్పుడు ఆ పిల్లే గుర్తుచేసింది. "మీకు ఇంకెవరైనా కావాలంటే నేనే చెబుతానండీ. నేనేమీ అనుకోను." వద్దమ్మా, వచ్చే వారం నీ దగ్గరకే వస్తానన్నాను. మాత్రల సంగతి మళ్ళీ డాక్టరుగారికి రాసింది, ఏమీ తగ్గించవద్దని.

ఆ పై వారం ఆ పిల్ల ఎలా ఉందని అడిగితే, "చండాలంగా ఉందండీ" అన్నాను. తల ఊపి రాసుకుంది.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. కొన్ని రోజులు పొద్దున్నే ఇప్పటికీ మంచానికి అంటుకుపోతాను. కానీ మా ఆయన ఇప్పుడు చెప్పులు వేసుకునే నడుస్తున్నారు. "మెలకువేనా? ఎలా ఉంది?" అని అడుగుతారు. బాగోలేదంటే మంచం పట్టెమీద కూర్చుంటారు. కాసేపయ్యాక వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెడతానని గిన్నెలు మోగిస్తారు. ఆయనకి కాఫీ పెట్టడం రాదు. పొయ్యి వెలిగించి పాలు పెట్టి, చేపలు తేలాయేమోనని కిటికీలోంచి చెరువుకేసి చూస్తూ నిలబడిపోతారు. ఇవాళ కూడా పాలు మాడిన వాసన వస్తే లేచి వెళ్ళాను. స్టౌ తుడుస్తూ ఆయన్ని బాగా తిట్టాను.