ఒడ్డున ఆరేసిన దుప్పట్లు

శ్రీశైలం డ్యాము వెనక నీళ్లు అడవిలోకి చొచ్చుకొచ్చిన చోట ఒక లాడ్జి ఉంది. కరెంటు లేదు, ఫోను పలకదు, బండి దారి లేదు. ప్రేమమ్మ అక్కడ వంట చేస్తుంది. ఆమె మొగుడు గాబ్రియేలు కాపలా ఉంటాడు. క్రిస్మస్‌కు మాత్రం ఊరికి పోయి వస్తారు.

ఏ అవసరం వచ్చినా ఒడ్డున వేపకొమ్మకు తెల్లదుప్పటి కట్టాలి. అవతలి ఒడ్డున చేపలు పట్టుకునే ఓబులేష్ అది చూసి పుట్టి వేసుకొని వస్తాడు. అందుకే ఉతికిన దుప్పట్లు లాడ్జి వెనకే ఆరేయాలి. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

ఈ ఎండాకాలం వెనకవైపు దండెం తెగింది. ప్రేమమ్మ దుప్పట్లను వేపకొమ్మ మీదే పరిచింది. ఓబులేష్ వచ్చాడు. తరువాతి వారం మళ్లీ వచ్చాడు.

"ఏం పెద్దమ్మా, గుడ్డలు ఆరినాయో లేదో చూడనీకి పిలుస్తాండావా నన్ను? రెక్కలు పడిపోతాండాయి."

"వచ్చినావు గదా, మజ్జిగ తాగిపో నాయనా. దండెం రేపు కడతాలే."

కట్టలేదు.

ఆ పొద్దున గాబ్రియేలు కట్టెల కుప్పలో చెయ్యి పెట్టి, వెనక్కి లాక్కున్నాడు. మణికట్టు మీద రెండు గాట్లు.

"రక్తపింజరి పాము. కండ్లారా చూసినా" అన్నాడు. "ఆత్మకూరు ఆస్పత్రిలో మందుంటాది. ఓబులేషును పిలువు."

ప్రేమమ్మ ఒడ్డుకు పరుగెత్తింది. పొద్దున ఉతికిన దుప్పట్లు అప్పటికే కొమ్మ మీద ఉన్నాయి. ఒకటి లాగి రెండు చేతులా ఊపింది. అవతల వల సర్దుకుంటున్న ఓబులేష్ తలెత్తి చూశాడు. తనూ చెయ్యి ఊపి, మళ్లీ వంగి వల అందుకున్నాడు.

అరిచింది. గాలి ఎదురుగా కొడుతోంది.

"ప్రభువా" అంది.

ఎండాకాలం ఆ అడవిలో నిప్పు రాజేస్తే కేసు. పనిలో చేరిన రోజే లాడ్జి సారు చెప్పాడు. ప్రేమమ్మ గదిలోని పరుపు ఒడ్డుకు ఈడ్చుకొచ్చి, లాంతర్ల కిరసనాయిలు పోసి అంటించింది. నల్లటి పొగ లేచింది.

వెనకే ఒడ్డుకు వచ్చిన గాబ్రియేలు చెయ్యి మోచేతి దాకా వాచింది. చిగుళ్లలో నెత్తురు.

"ఏందే ఇది? పని పోతాది. జైల్లో ఏస్తారు."

"ఏయనీ. నువ్వుంటే గదా నాకు పని."

అవతలి ఒడ్డున పుట్టి కదిలింది. ఓబులేష్ దిగి గాబ్రియేలును చూసి నిలబడిపోయాడు.

"గుడ్డలే అనుకుంటి పెద్దమ్మా..."

"నా తప్పే నాయనా. పట్టు."

ఇద్దరూ అతన్ని పుట్టిలో పడుకోబెట్టారు. నీళ్లలోకి కొంచెం దూరం పోయాక ఓబులేష్ వెనక్కి చూశాడు.

"గడ్డి అంటుకుండాది పెద్దమ్మా! లాడ్జి దిక్కు పోతాండాది. ఆర్పల్ల గదా!"

ప్రేమమ్మ తల తిప్పలేదు. గాబ్రియేలు నోటికి కొంగు అదిమి పట్టుకుంది. కొంగు తడుస్తూనే ఉంది.

"తెడ్డు ఎయ్యి నాయనా" అంది.

వెనక వేపకొమ్మ మీద దుప్పట్లు అంటుకున్నాయి. అవతలి ఒడ్డు ఎంతకూ దగ్గర కావడం లేదు.