ఇప్పచెట్టు కింద ఇంటర్వ్యూ

హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన తొమ్మిదో నెలలో, కిరాయి కట్టలేక, పెనుబల్లి అవతల అడవి అంచున ఉన్న మా మేనత్త ఇంటికి చేరాను. డెవలపర్లు కావాలని జర్మనీ కంపెనీలు తెగ ప్రకటనలిస్తాయి. తీరా అప్లై చేస్తే జర్మన్ వచ్చా అంటాయి. నాకు రాదు. ఆ మాట అడగకుండా ఇంటర్వ్యూకి పిలిచింది ఒకే ఒక్క కంపెనీ. జీతం నా పాతదానికి మూడింతలు. పన్నులకూ ఇంటి కిరాయికీ సగం పోయినా సరే, ఆ ఉద్యోగం నాకు కావాలి. దేవుణ్ణి కూడా నేనింత సిగ్గు విడిచి ఏదీ అడగలేదు.

"గంత జీతం ఎందుకిస్తరే? ఆడ మనుషుల్లేరా?" అంది అత్త.

"పనొచ్చినోళ్లు తక్కువున్నరంట అత్తమ్మా."

"మరి నిన్నెట్ల పిలిచిండ్రు?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

ఫోన్ సిగ్నల్, చేను దాటాక ఇప్పచెట్టు కిందే అందుతుంది. నేను అటు బయల్దేరినప్పుడల్లా అత్తది ఒకటే పాట. "అడవి కాడ పేరు పెట్టి పిలిస్తే మూడోసారికే పలకాలె. మనిషైతే మల్ల పిలుస్తడు. మనిషి కానిది రెండుసార్లు పిలిచి పోతది, పలికితే మాత్రం ఇడిసిపెట్టది."

చిన్నప్పటి నుంచీ విన్నదే. హైదరాబాద్ ఆఫీసులోనూ మూడోసారికే పలికేదాన్ని. నాకు చెవుడనుకున్నారు.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం ఎండకు ల్యాప్‌టాప్ తెర సరిగా కనబడలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోగానే ఎవరో నా పేరు పిలిచారు. నా నోరు దానంతటదే మూసుకుపోయింది. మళ్లీ పిలిచారు. మూడో పిలుపు కోసం ఆగాను. రాలేదు. ఈ పాడు అలవాటు నా కొంప ముంచిందని అక్కడే కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం మళ్లీ వెళ్లి చూస్తే కంపెనీ నుంచి మెయిల్ ఉంది. తమవైపు ఇబ్బంది వల్ల ఈరోజు ఎవరూ మీటింగ్‌లో చేరలేదట, రేపు అదే సమయానికి రమ్మన్నారు. మరి నన్ను పిలిచిందెవరు?

భయమేసింది. కానీ ఈ ఉద్యోగం చేజారుతుందన్న భయం అంతకన్నా పెద్దది. మర్నాడు నా పేరు వినబడగానే "యెస్, ఉన్నాను" అన్నాను గట్టిగా. తర్వాత తెరకు చెయ్యి అడ్డం పెట్టి చూశాను. మీటింగ్ ఇంకా మొదలవలేదు. ఇయర్‌ఫోన్లు నా ఒళ్లోనే ఉన్నాయి.

ఆ తర్వాత పది నిమిషాలకు వాళ్లు నిజంగానే వచ్చారు. ఉద్యోగం కూడా వచ్చింది.

"ఎన్నో పిలుపుకు పలికినవ్?" అంది అత్త, నా నోట్లో బెల్లంముక్క పెడుతూ.

"మూడోదానికే" అన్నాను. అబద్ధం.

వీసా కూడా వచ్చేసింది, ప్రయాణం ఇంకా వారం ఉంది. పొద్దస్తమానం నా పేరే పిలిచే అత్త, నేనా అబద్ధమాడిన రోజు నుంచి ఒక్కసారీ పిలవలేదు. చేను వైపు నుంచి మాత్రం ఎవరో పిలుస్తూనే ఉన్నారు. ఇప్పుడు మూడుసార్లు పిలుస్తున్నారు.