మా మేనేజరుగారి గోల్కొండ సైన్యం

మా మేనేజరుగారు బొమ్మకు రంగు వేసే ముందు కుంచెను నోట్లో పెట్టుకుని మొన సూదిలా చేసేవారు. ఒక్కోసారి ఒక్కో రంగులో బయటికొచ్చే ఆ నాలుకతోనే మాకు నీతులు చెప్పేవారు. నల్లగండ్లలో ఆయన భోజనాల బల్ల మీద, అంగుళం ఎత్తు సిపాయి బొమ్మలతో, గోల్కొండ ముట్టడి అప్పటికే ఏడేళ్లుగా సాగుతోంది. మొఘలాయిలే నయం, ఇంతకన్నా త్వరగా ముగించారు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్‌నాడు ఆఫీసు మూసేస్తే, నేను ఆయన ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నాను. ఊరేగింపుకు వెళ్లిన ఆయన డ్రైవరు లాఠీదెబ్బకు నుదురు పగిలి, తువ్వాలు అదుముకుంటూ వచ్చాడు.

"సార్, దవాఖానకు పోవాలె. జర కారు తాళాలియ్యుండ్రి. ఈ సారు తోలుతడు," అని నన్ను చూపించాడు.

మేనేజరుగారు కళ్లజోడు సవరించుకున్నారు. "తువ్వాలు ఒకసారి తియ్యవయ్యా. అబ్బ! ఈ ఎరుపు కోసమేనండీ ఆర్నెల్లుగా చస్తున్నాను!" అని నాతో అంటూ, కుంచె నాకి, రంగు కలపసాగారు.

"సార్, కండ్లు తిరుగుతున్నయ్."

"అయితే కూర్చో. కిటికీ వైపు తిరిగి కూర్చో."

తాళాలు నేనే లాక్కుని అతణ్ని తీసుకెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చారు. "కుట్లు ఎన్ని పడ్డాయయ్యా?"

"నాలుగు సార్," అన్నాడు డ్రైవరు. అడిగినందుకే పాపం రెండు చేతులూ జోడించాడు.

ఆయన గబగబా లోపలికి నడిచి, నల్లరంగు మూత తీసి, ఒక సిపాయి నుదుటి మీద నాలుగు గీతలు గీశారు.